పైడితల్లి పేరున వచ్చిన షేర్లు

కూర్మన్నపాలెంలో ఆ వీధికి కుళాయి నీళ్లు పొద్దున్న ఆరింటికి వచ్చి ఆరున్నరకల్లా పోతాయి. ఆ అరగంటలో అక్కడి ఆడవాళ్లని పలకరించడం మర్యాద కాదు. నాగశ్రీ మేడ మీద బిందె కుళాయి కింద పెట్టి, వంటగదిలోకి పరిగెత్తి పెనం మీద అట్టు తిరగేసి, మళ్లీ వచ్చి బిందె మారుస్తోంది. అది 2020 మార్చి రెండో వారం. టీవీ పెడితే కరోనా మాటే వినిపిస్తోంది గానీ, అదింకా ఎక్కడో దూరదేశం సంగతిలాగే ఉంది.

కిటికీలో పెట్టిన ఫోను టింగుమంది. ఒకసారి కాదు, వరసగా ఐదుసార్లు.

ఆ ఐదు మెసేజీల కోసమే ఆమె వారం రోజులుగా కాచుకుని ఉంది. నీలిమేర సీఫుడ్స్ అని, రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీ ఒకటి కొత్తగా షేరు మార్కెట్లోకి వస్తోంది. దాని షేర్ల కోసం జనం ఎగబడ్డారు. అంత గిరాకీ ఉన్నప్పుడు లాటరీ తీసి ఇస్తారు, మనిషికి ఒక్క దరఖాస్తే చెల్లుతుంది. అందుకని తెలివైనవాళ్లు ఇంట్లో ఎందరుంటే అందరి పేర్ల మీదా వేస్తారు. నాగశ్రీ తెలివైనది. గాజువాకలో పుట్టి పెరిగి, బీకాం చదివి, యూట్యూబు చూసి షేర్లు నేర్చుకుంది. ఇంట్లో ఐదుగురికీ తనే ఖాతాలు తెరిచింది: తనకి, మొగుడు త్రినాథరావుకి, అత్త దేముడమ్మకి, కింద వాటాలో ఉండే బావగారు సన్యాసిరాజుకి, ఆయన భార్య, తన తోడికోడలు అయిన పైడితల్లికి. మిగతా నలుగురికీ ఆ మెసేజీలు చదివే ఓపిక లేదు, చదివినా అర్థం కాదు. కాబట్టి ఐదు ఖాతాలకీ తన ఫోను నంబరే ఇచ్చింది. మన ఇళ్లల్లో అందరూ చేసే పనే అది.

చెయ్యి కొంగుకి తుడుచుకుని ఫోను అందుకుంది. మొదటిది తన పేరు మీద. షేర్లు రాలేదు. రెండోది ఆయనది, రాలేదు. అత్తకి రాలేదు. బావగారికి రాలేదు. ఐదోది చూసింది. కె. పైడితల్లి, వంద షేర్లు కేటాయించడమైనది.

పెనం మీద అట్టు మాడిపోయింది.

నాగశ్రీ మంచి మనిషే. ఈ మాట ఇక్కడే చెప్పుకోవాలి, తర్వాత చెబితే ఎవరూ నమ్మరు. పైడితల్లి జ్వరంతో పడుకుంటే మూడు రోజులు కింద వంట తనే చేసింది. ఆవిడ కూతురు యశస్వినికి ఇంటర్ ఇంగ్లీషు పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. కానీ ఈ ఇంటికి కోడలిగా వచ్చిన పదహారేళ్లలో ఒక్క మాట మాత్రం ఆమెకి మింగుడు పడలేదు. పైడితల్లి చెయ్యి మంచిదట. బియ్యం బస్తా విప్పాలంటే పైడితల్లి చెయ్యి. ఆవకాయ కలపాలంటే పైడితల్లి చెయ్యి. త్రినాథరావు బండి కొన్నప్పుడు తాళం ముందు వదిన చేతికిచ్చి, ఆ తర్వాత పెళ్లాం చేతికిచ్చాడు. ఐదో తరగతితో చదువు ఆపేసి, ఆటోనగర్ వైపు షెడ్డులో రొయ్యలు ఒలుచుకునే మనిషి చేతిలో అంత ఏముందో నాగశ్రీకి ఇన్నేళ్లైనా బోధపడలేదు. ఇప్పుడు లాటరీ కూడా వెతుక్కుంటూ వెళ్లి ఆ చేతిలోనే పడింది.

"ఏటి సెల్లీ, మాడు వాసనొత్తంది" అంటూ పైడితల్లి మెట్లెక్కి వచ్చింది. షెడ్డుకి బయల్దేరినట్టుంది, భుజాన టిఫిన్ బాక్సు సంచి ఉంది.

చెప్పకపోతే ఏమవుతుంది అని నాగశ్రీకి ఒక్క క్షణం అనిపించింది. అనిపించినందుకు తనకే భయమేసి గబుక్కున చెప్పేసింది.

"షేర్లు నీకొచ్చాయక్కా. నీకొక్కదానికే."

"నాకా? మరి నీకో?"

"రాలేదు."

పైడితల్లి మొహం చిన్నబోయింది. "అదేటి, కష్టపడింది నువ్వు కదా. నీ పేరుకి మార్సీడానికి అవ్వదేటి?"

ఆ మాట అనకపోయినా బాగుండేది. కుళ్లుకుని ఉన్నవాళ్లకి ఎదుటివాళ్ల జాలి కంటే మండే వస్తువు లేదు. "అలా మార్చరక్కా" అంటూ నాగశ్రీ మాడిన అట్టు గీకడంలో మునిగిపోయింది.

కింద అరుగు మీద కూర్చున్న దేముడమ్మ చెవిన కబురు పడనే పడింది. "పెద్దకోడలి సెయ్యి అలగే ఉంటాది. నాను ముందే అనుకున్నాను" అంది. త్రినాథరావు నోట్లో బ్రష్షు తియ్యకుండానే "ఇంకేటి వదినా, బిరియానీ ఎప్పుడు" అన్నాడు. దరఖాస్తులు ఎవరు వేశారో, ఎవరు బ్యాంకుల చుట్టూ తిరిగారో ఒక్కరికీ గుర్తు రాలేదు.

ఆ షేర్లకి పైడితల్లి పెట్టిన పద్నాలుగువేల ఎనిమిది వందలూ ఊరికే వచ్చినవి కావు. నాలుగేళ్లుగా ఓవర్‌టైము చేసి, ఐసు నీళ్లలో వేళ్లు తెల్లగా ఉబ్బిపోతుంటే దాచుకున్న డబ్బు. యశస్వినిని నర్సింగులో చేర్పించాలని ఆవిడ కోరిక. "మార్కెట్లోకి వచ్చిన రోజే రేటు పెరుగుతుందక్కా, పొద్దున్నే అమ్మేస్తే ఇంకో పదివేలు కలుస్తాయి" అని ఆవిడకి ధైర్యం చెప్పి పెట్టించింది నాగశ్రీయే.

షేరు మార్కెట్లోకి వచ్చేది సోమవారం పది గంటలకి. ఈలోపు ఐదు రోజుల్లో లోకం తిరగబడింది. కరోనా దూరదేశం వదిలి దగ్గరికొచ్చింది. కోడి తింటే వస్తుంది, చేప తింటే వస్తుంది అని వాట్సాపులో ఎవరికి తోచింది వాళ్లు పంపేవారు. ఫిషింగ్ హార్బర్‌లో వేలం పాడేవాళ్లు లేక చేపలు ఐసులోనే ఉండిపోతున్నాయని చెప్పుకున్నారు. సోమవారం పొద్దున్న పైడితల్లి సెలవు పెట్టి, తలారా స్నానం చేసి, మేడ మీదకొచ్చి ప్లాస్టిక్ కుర్చీలో ఒద్దికగా కూర్చుంది. దేముడమ్మ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది.

నూట నలభై ఎనిమిదికి ఇచ్చిన షేరు నూట పందొమ్మిదితో మొదలైంది. అక్కణ్నుంచి కిందికే.

"ఎర్రగుందేటి సెల్లీ?" అంది పైడితల్లి నాగశ్రీ ఫోనులోకి తొంగి చూస్తూ.

"పడిందక్కా. ఇచ్చిన ధర కంటే తక్కువకి."

పదేళ్లుగా మార్కెట్లో ఉన్న కంపెనీ అయితే ఇదివరకు ఎంతకి పడింది, మళ్లీ ఎలా లేచింది అని చూసుకుని జనం కాస్త నిలబడతారు. ఈవేళే పుట్టినదానికి ఆ ముచ్చట లేదు. ప్రాణభయం పట్టుకున్నప్పుడు అందరూ ముందు వదిలించుకునేది దాన్నే. అందులోనూ రొయ్యల కంపెనీ. నాగశ్రీ ఇదంతా తనకి తెలిసినంతలో విడమరచి చెప్పింది. చెబుతున్నంతసేపూ లోపల ఎక్కడో హాయిగా ఉంది. ఒళ్లు తేలికైనట్టు, ఎవరో వీపు మీద బరువు దించినట్టు. అత్త వైపు ఓరగా చూసింది. ఈసారి అత్త పైడితల్లి చేతి మాట ఎత్తలేదు. అదింకా తియ్యగా ఉంది. వెంటనే సిగ్గేసింది కూడా, ఆ మాట దాచకూడదు. అందుకే ఆ రోజు సలహా మాత్రం న్యాయంగానే ఇచ్చింది.

"కంగారు పడకక్కా, కొన్నాళ్లు ఆగు. పెరుగుతుంది."

"నువ్వు సెప్పినావంటే ఆగుతాను" అని పైడితల్లి లేచి వెళ్లింది.

ఆ మరుసటి వారం దేశమంతా తలుపులు మూసుకుంది. త్రినాథరావు ఉద్యోగం చేసే స్టీలు ప్లాంటు బస్సులు తగ్గాయి. షెడ్డు మూశారు. సన్యాసిరాజుది అదే ప్లాంటులో కాంట్రాక్టు పని, మర్నాటి నుంచి రావద్దన్నారు. కిందా మేడా కలిపి ఒకే ఇల్లు కాబట్టి వాళ్ల రాకపోకలకి అడ్డు లేదు. మంగళవారం మధ్యాహ్నం పైడితల్లి ముక్కు మీదుగా కొంగు చుట్టుకుని మెట్లెక్కింది. షేరు అరవై ఒకటి దగ్గర ఉంది.

"మా సూపరైజరమ్మ రాధ ఫోన్ సేసింది సెల్లీ. మా షెడ్డు సరుకంతా ఆ నీలిమేరకే కదా ఎల్తాది. కోల్డు రూములు నిండుగున్నాయంట. పాత ఆర్డర్లు ఒక్కటీ కేన్సిలవనేదంట. పోర్టులోంచి కంటైనర్లు ఇప్పుడు కూడా ఎల్తన్నాయంట. గడ్డకట్టించిన రొయ్యకి ఏడాదైనా ఏటీ అవ్వదు. అలాటప్పుడు కంపెనీ ఎందుకు పడిపోద్ది? జనం బయపడితే రొయ్య కుళ్లిపోద్దేటి?"

వారం రోజులుగా నాగశ్రీ చూసిన వీడియోల్లో ఎవరూ ఇంత సూటిగా అడగలేదు. సరుకుంది, ఆర్డర్లున్నాయి, ఓడలు కదులుతున్నాయి. పడింది జనం గుండె తప్ప కంపెనీ కాదు. ఈ షేరు లేస్తుందని ఆ క్షణంలో ఆమెకి రూఢిగా తెలిసిపోయింది. లేచినప్పుడు అది మళ్లీ పైడితల్లి చెయ్యే అవుతుందని కూడా తెలిసింది.

"నీ షెడ్డు వేరు, మార్కెట్టు వేరక్కా" అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "రేపు ముప్పై అవుతుంది, ఎల్లుండి చిత్తుకాగితం. ఉన్నదైనా దక్కించుకో."

"నీకలగే అనిపిస్తందా?"

"నేనైతే అమ్మేస్తాను."

పైడితల్లి ముక్కు మీది కొంగు సర్దుకుంది. "అయితే అమ్మీ. నాకేటి తెల్సు. పిల్ల ఫీజు డబ్బులని బెంగ గానీ, నువ్వు నాకు సెడ్డ సెప్తావేటి."

నాగశ్రీ అమ్మేసింది. ఆరువేల వంద పైడితల్లి ఖాతాలో పడ్డాయి.

మర్నాడు ఉగాది. వేపపువ్వు దొరకలేదని, ఉన్నవాటితోనే పచ్చడి కలిపి పైడితల్లి గిన్నెలో పైకి పంపింది. ఆ గిన్నె పక్కన పెట్టుకుని, మార్కెట్టు తెరవగానే, నాగశ్రీ తన పేరున నీలిమేర షేర్లు వంద కొంది, ఇంచుమించు అదే ధరకి. దీన్ని దొంగతనం అనరు. ఆవిడ అమ్మినవి ఎవరో కొన్నారు, ఎవరో అమ్మినవి నేను కొన్నాను. ఈ మాట ఆ రోజు తనకి తాను ఎన్నిసార్లు చెప్పుకుందో లెక్క లేదు. డబ్బు మీద ఆశ కూడా కాదు. ఆ వంద షేర్లు తన పేరు మీద ఉండాలి, అంతే. ఉండగానే కడుపు నిండుతుందనుకుంది.

నిండలేదు. జూన్ నాటికి షేరు ఇచ్చిన ధరకి వచ్చేసింది. ఆగస్టుకి రెండొందలు దాటింది. రోజూ పొద్దున్నే ఫోను తెరిచి చూసుకునేది. చూసుకుని ఎవరికి చెబుతుంది? గెలిచిన సంగతి ఒక్కరితోనైనా చెప్పుకోలేకపోతే అది గెలుపెలా అవుతుంది? ఇంటి లోను కంతు కట్టలేక త్రినాథరావు ఆమె గొలుసు బ్యాంకులో పెడతానంటే, మెళ్లోంచి తీసి ఇచ్చింది గానీ ఆ షేర్ల మాట ఎత్తలేదు.

అన్నిటికంటే మంటెక్కించేది పైడితల్లి తీరు. డబ్బు పోయినదానిలాగా ఏడవదు. కుళాయి దగ్గర ఆడవాళ్లతో "మా సెల్లి సెప్పబట్టి ఆరువేలైనా మిగిలినాయి, నేకపోతే అవీ పోయేవి" అని గర్వంగా చెప్పేది. పేపర్లో ఆ కంపెనీ రేటు యశస్విని చదివి వినిపిస్తే, "మన్ది కాంది మనకెందుకే" అని తీసిపారేసేది. నాగశ్రీకి ఆ మాటలు పుండు మీద కారం. ఓడిపోయిన మనిషి అంత నిబ్బరంగా ఎలా ఉంటుంది?

సెప్టెంబరులో షెడ్డు సగం మందితో తెరిచారు. తల్లితో పాటు యశస్విని కూడా రొయ్యలు ఒలవడానికి వెళ్లడం మొదలుపెట్టింది. మధురవాడ అవతల ప్రైవేటు కాలేజీలో నర్సింగు సీటు వచ్చింది. డిసెంబరు పదో తారీకులోపు ముప్పై ఐదు వేలు కట్టాలి. సన్యాసిరాజుకి పని మళ్లీ దొరికింది గానీ నాలుగు నెలల అప్పులు ముందున్నాయి. "ప్లాంటు సొసైటీలో లోను పెడతాను" అన్నాడు త్రినాథరావు. అది జనవరికి గానీ రాదు. ఒకరోజు యశస్విని ఇంగ్లీషు దరఖాస్తు నింపించుకోవడానికి పిన్ని దగ్గరికొచ్చింది. పద్దెనిమిదేళ్ల పిల్ల వేళ్లు తెల్లగా ఉబ్బి, గోళ్ల చివర్లు చీలి ఉన్నాయి. నాగశ్రీ ఆ చేతుల వైపు చూడకుండా దరఖాస్తు నింపింది.

నవంబరు ఆఖర్లో ఒక బుధవారం, పదకొండు గంటల వేళ పోస్టుమాన్ వచ్చాడు. ఆ పూట షెడ్డుకి సరుకు రాలేదని తల్లీకూతుళ్లు ఇంట్లోనే ఉన్నారు. త్రినాథరావు మధ్యాహ్నం షిఫ్టుకి వెళ్లాలి, భోజనం చేసి కింద అరుగు మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నాడు. యశస్విని కవరు అందుకుంది. మీద నీలిమేర సీఫుడ్స్ అని ఉంది. అమ్మవి అమ్మేసినా ఇంకా ఏదో పంపారనుకుని, కింద పేరు చూడకుండానే చింపేసింది.

"పిన్నీ, ఓసారి కిందికి రా."

నాగశ్రీ చేతిలో గరిటెతోనే దిగింది. యశస్విని కాగితం ముందుకు చాచింది. కంపెనీ తన వాటాదార్లకి మొదటిసారి డివిడెండు ఇస్తోంది. కె. నాగశ్రీ, వంద షేర్లు.

"నీకు రాలేదన్నావు కదా పిన్నీ. ఈ వంద ఎక్కడివి?"

"తర్వాత కొన్నాను."

"ఎప్పుడు?"

"ఆగస్టులో అనుకుంటా. గుర్తు లేదు."

త్రినాథరావు లేసు ముడి వేసుకుంటూ తలెత్తకుండా అన్నాడు, పాపం ఏ దురుద్దేశమూ లేకుండా. "ఆగస్టులో నీకాడ డబ్బులెక్కడివే? కంతుకి నేక నీ గొలుసు బేంకులో పెట్టినాం గదా."

యశస్విని తెలివైన పిల్ల, పిన్ని దగ్గర చదువుకున్న పిల్ల. లెక్క కట్టడానికి దానికి ఎంతోసేపు పట్టలేదు.

"అమ్మవి మార్చి ఇరవై నాలుగున అమ్మావు. నీ ఫోనివ్వు పిన్నీ. నువ్వెప్పుడు కొన్నావో దాంట్లో ఉంటాది."

"ఏయ్" అంది పైడితల్లి లోపల్నుంచి వస్తూ. "పిన్నిని అలగడుగుతావేటి? పెద్దా సిన్నా నేదా?"

ఆ వెనకేసుకు రావడమే నాగశ్రీని పడగొట్టింది. తిడితే తట్టుకునేది, అబద్ధం ఇంకొకటి అల్లేది. ఇది తట్టుకోలేకపోయింది.

"అడగనీ అక్కా. ఉగాది నాడు కొన్నాను. నీ చేత అమ్మించిన మర్నాడే."

పైడితల్లికి వెంటనే అర్థం కాలేదు. "పడిపోద్దన్నావు కదా?"

"పడదని తెలుసు. నువ్వు కోల్డు రూముల సంగతి చెప్పినప్పుడే తెలుసు. తెలిసే అమ్మించాను."

దేముడమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. త్రినాథరావు ఒక కాలికి బూటుతో, ఒక కాలికి మేజోడుతో అలాగే ఉండిపోయాడు.

"ఎందుకు సెల్లీ?" అంది పైడితల్లి. "ఏటి తక్కువయ్యింది నీకు?"

"నీకే రావడం" అంది నాగశ్రీ. "ప్రతిదీ నీకే రావడం. చదువుకున్నదాన్ని నేను. ఐదు దరఖాస్తులూ వేసింది నేను. ఈ ఇంట్లో ఎప్పుడైనా ఎవరి నోటైనా నాగశ్రీ చెయ్యి మంచిదన్న మాట విన్నానా? లాటరీ కూడా నిన్నే చూసుకుంది. ఓర్వలేకపోయానక్కా. నీ మీద ఏడుపు, ఇంకేం లేదు. డబ్బు కోసం చేశానంటే కూడా ఇంతకంటే నయంగా ఉండేది."

పైడితల్లి ఏడవలేదు. అరవలేదు. అరుగు మెట్టు మీద కూర్చుని తడి చేతులు చీరకి తుడుచుకుంది.

"నువ్వొక్కదానివే ఏడ్సినావనుకుంటన్నావా? ప్లాంటుకి మా బూములు పోతే ఇంటికో ఉద్యోగం అన్నారు. అది మీ బావకి రావాల్సింది, పెద్దోడు కదా. తమ్ముడు ఐటీఐ సదివినాడు, ఆడికైతే మంచి పోస్టొత్తాదని ఈయన ఇడిసీసేడు. నాను కొత్తపెళ్లికూతుర్ని, సరే అన్నాను. నోటితో అన్నాను. జీతం పడిన రోజు మేడ మీద నువ్వు నవ్వతా ఉంటే కింద నాకెలగుండేదో నీకు తెల్సా?"

త్రినాథరావు తల దించుకున్నాడు.

"మీరు మేడ కట్టినప్పుడు ఈయనా నానూ స్లాబుకి నీళ్లు కొట్టినాం. ఆ నీళ్లు మోస్తా మోస్తా, ఈ స్లాబు బీటలు తీసీస్తే బాగున్ను అనుకున్నాను. అనుకున్నాను సెల్లీ, ఎవుల ముందైనా ఒప్పుకుంటాను."

నాగశ్రీ మొహం ఎత్తి చూసింది. "మరి..."

"మరేటి? మానకుండా నీళ్లు పోసేను. ఇరవై రోజులు, రెండు పూటలా పోసేను. బీటలు పడనియ్యలేదు. కళ్లు కుట్టడం అందరికీ కుడతాయి. కుట్టినప్పుడు నాను నా పని సేసుకున్నాను. నువ్వు నా పిల్ల ఫీజు తీసుకున్నావు."

గరిటె నాగశ్రీ చేతిలోంచి జారి మెట్ల మీద పడింది. ఇన్నేళ్లూ తను అసూయపడ్డ మనిషి అసలు కింద లేనే లేదు. ఏ కష్టమూ అంటని, ఏ ఈర్ష్యా తెలియని ఒక అదృష్టవంతురాల్ని తనే తయారుచేసుకుని, దాని మీద పడి ఏడ్చింది. కింద ఉన్నది తనలాంటి మనిషే. తన కంటే ఎక్కువ పోగొట్టుకుని, రెండు పూటలా నీళ్లు పోసిన మనిషి. నాగశ్రీ అక్కడే, గోడకి ఆనుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. దేముడమ్మ లేవబోయి, ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియక మళ్లీ కూర్చుంది. "సెయ్యి సెయ్యి అని నోరు పారీసుకుంది నాను" అని తనలో తను గొణుక్కుంది.

"అమ్మేసి మొత్తం ఇచ్చేస్తానక్కా" అంది నాగశ్రీ ఏడుపు మధ్యలోనే.

"ఇచ్చీడానికి నీదేటి అది? నాకు దానం వొద్దు. నువ్వు కొన్నప్పుడు పెట్టిన ఆరువేలూ నువ్వు తీసుకో. మిగతాది నాది, నాకు కావాల. నీది ఒక్క రూపాయి నాకొద్దు. నాది ఒక్క రూపాయి నీకొదల్ను."

మర్నాడు పొద్దున్నే షేర్లు అమ్మింది. మూడొందల తొంభై పలికింది. డబ్బు పైడితల్లి ఖాతాలో పడేదాకా నాగశ్రీ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. ఐదు ఖాతాల్లో తనదీ మొగుడిదీ తప్ప మిగతా మూడింటికీ ఎవరి నంబరు వాళ్లకి మార్చేసింది. త్రినాథరావు ఆ రోజు షిఫ్టు నుంచి వచ్చి మేడ ఎక్కలేదు, అన్న దగ్గర అరుగు మీద చాలాసేపు కూర్చున్నాడు. ఏం మాట్లాడుకున్నారో ఆడవాళ్లకి చెప్పలేదు.

డబ్బు చేరింది గానీ మనిషి చేరలేదు. ఎనిమిది రోజులు పైడితల్లి మెట్లెక్కలేదు. మెట్ల దగ్గర ఎదురుపడితే బిందె పక్కకి జరిపి దారి ఇచ్చేది, పరాయివాళ్లకి ఇచ్చినట్టు. తిట్టినా బాగుండునని నాగశ్రీ అనుకునేది. కూర వండి గిన్నెలో కిందకి పంపిస్తే, గిన్నె కడిగి, ఖాళీగా తిరిగొచ్చేది. ఆ ఇంట్లో ఇచ్చిన గిన్నె ఖాళీగా తిరిగిరావడం అదే మొదలు. ఇంత కాలం తనకి లేదని ఏడ్చినదంతా ఒక ఎత్తు, ఉన్నదాన్ని ఇలా పోగొట్టుకోవడం ఒక ఎత్తు అని ఆమెకి అప్పుడు తెలిసింది.

తొమ్మిదో రోజు పొద్దున్న ఏడున్నరకి కింద నుంచి పిలుపు వినిపించింది.

"సెల్లీ. మదురవాడ ఎల్లాల. పిల్ల కాలేజీకి. తెమిలినావా?"

తెమలడం ఏమిటి, రమ్మన్నట్టే తెలియదు. నాగశ్రీ చేతికందిన చీర చుట్టుకుని, మాస్కు తగిలించుకుని, రెండేసి మెట్లు దిగింది. బస్సులో పైడితల్లి కూతురి పక్కన కూర్చుంది, నాగశ్రీకి వెనక సీటు దొరికింది. ఊరు దాటి మధురవాడ చేరడానికి గంటన్నర పట్టింది. నాగశ్రీ కిటికీలోంచి ఏమీ చూడలేదు, ముందున్న జడకొప్పునే చూస్తూ కూర్చుంది.

కాలేజీ ఆఫీసులో గుమస్తా నాలుగు పేజీల కాగితాలు బల్ల మీద పెట్టాడు. అన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. "తల్లి సంతకం కావాలమ్మా, ఇక్కడ, ఇక్కడ, ఆఖరి పేజీలో" అని వేలితో చూపించాడు.

పైడితల్లి పెన్ను అందుకుంది. కాగితాలు మాత్రం నాగశ్రీ వైపు జరిపింది.

"ఏటి రాసుందో సదువు."

"మామూలేనక్కా, ఫీజు, హాజరు, అలాంటివే. ఇక్కడ సంతకం పెడితే..."

"నేదు. మొత్తం సదువు. నాకు తెలిసేలాగ సెప్పు. ఆపైన పెడతాను."

"నాకిమ్మంటే నేను చదువుతాను కదమ్మా" అంది యశస్విని.

"నువ్వాగు. పిన్ని సదవాల."

"వెనక లైనుందమ్మా" అన్నాడు గుమస్తా.

"ఉండనీ బాబూ. నాకు తొందర నేదు."

నాగశ్రీకి అర్థమైంది. క్షమించానని పైడితల్లి అనలేదు. అనే మనిషి కాదు. రొయ్యలు ఒలిచినట్టు ఒక్కొక్క లైనే ఒలుచుకుంటూ రమ్మంటోంది, అంతే. వద్దని గెంటెయ్యకుండా పని చెప్పింది. నాగశ్రీ కాగితం రెండు చేతులా పట్టుకుని మొదటి లైను నుంచి మొదలుపెట్టింది. విద్యార్థిని పేరు, తండ్రి పేరు, తల్లి పేరు. ప్రతి లైనూ ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పి, ఆవిడ తలూపాక తర్వాత లైనుకి వెళ్లింది. ఒక చోట హాస్టలు డిపాజిట్టు తిరిగివ్వరని ఉంది. చిన్న అక్షరాల్లో ఉన్నా దాన్ని కూడా దాటెయ్యకుండా చదివింది.

రెండో పేజీ చివర ఒక గడి ఉంది. తల్లిదండ్రులు అందుబాటులో లేకపోతే విద్యార్థిని బాధ్యత తీసుకునే బంధువు ఎవరు అని. నాగశ్రీ చదివి, చెప్పి, ఆగింది.

"నీ పేరు రాయి" అంది పైడితల్లి.

నాగశ్రీ రాయబోయింది. కాగితం మసకబారింది. మాస్కు తడిసిపోయి ముక్కుకి అంటుకుంది. ఎంత ఆపుకున్నా భుజాలు కదిలిపోతున్నాయి.

పైడితల్లి తన కొంగు చివర పట్టుకుని ఆమె కళ్లు గట్టిగా, కాస్త మోటుగానే తుడిచింది.

"ఏడిస్తే అచ్చరాలు కనపడవు" అంది. "సదువు. ఇంకా రెండు పేజీలున్నాయి."